ఊరు విడిచిన ఇంటిపేర్లు: చేవెళ్ళ – మొయినాబాదు నేపథ్యంలో వలస కుటుంబ కథలు, యువతరం కళ

ఉపోద్ఘాతం

తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్ళపేర్లు విస్తారంగా కనిపిస్తాయి. ఒక ఊరిపేరు ఒక కుటుంబానికి ఇంటిపేరుగా స్థిరపడాలంటే, సాధారణంగా ఆ కుటుంబం ఆ ఊరిని విడిచి ఉండాలి. ఊరిలో ఉన్నంతకాలం అందరూ ఆ ఊరివారే. ఆ పేరు ఎవరినీ వేరుచేసి చూపదు. పొలిమేర దాటి మరొకచోట నిలిచినప్పుడే “ఫలానా ఊరివారు” అన్న గుర్తింపుకు పని పడుతుంది. ఆ విధంగా చూస్తే గ్రామనామంతో ఏర్పడిన ప్రతి ఇంటిపేరూ ఒక వలసకు సాక్ష్యం. ఎవరు కదిలారో, ఎందుకు కదిలారో అది చెప్పదు. ఎక్కడినుంచి కదిలారో మాత్రం చెబుతుంది. మిగిలిన కథను పూరించవలసినవారు తరువాతి తరాలవారు.

తాతముత్తాతలు ఎందుకు బయలుదేరారన్న ప్రశ్నను మనుమలు, మునిమనుమలు కథ, నవల, చలనచిత్రం, నృత్యం, వేదికా హాస్యం వంటి రూపాలలో వెదకడం ఇటీవల ప్రపంచమంతటా బలపడుతున్న ధోరణి. తెలుగు మూలాలున్న యువతరం ఈ అన్వేషణను ఎట్లా చేసింది, దానిని తెలుగు సాహిత్యచరిత్ర ఏ మేరకు తనదిగా గుర్తించింది అన్నవి ఈ వ్యాసంలో చర్చనీయాంశాలు. చర్చకు ఆధారభూమి రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతం. వలసపోయేవారు మొక్కుకునే గుడి, వలసవచ్చినవారు పనిచేసే నేల ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

నీరు, నేల, దారి

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద హైదరాబాదు నగరాన్ని అతలాకుతలం చేసింది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి వరద నివారణకు, తాగునీటికి రెండు జలాశయాలు నిర్మించారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ప్రజల నోట మొదటిది గండిపేట చెరువు. నగరం దాహం తీర్చే బాధ్యత అప్పటినుంచి ఈ పల్లెల నేలపై పడింది. 1996లో జలాశయాల పరీవాహక రక్షణకు వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు మొయినాబాదు, చేవెళ్ళ, శంషాబాదు, శంకరపల్లి తదితర మండలాలలోని 84 గ్రామాలలో పరిశ్రమలు, భారీ నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షల తొలగింపునకు మరొక ఉత్తర్వు ఇచ్చింది. ఈ నడుమ గడిచిన పాతికేళ్ళలోనే కొద్ది మైళ్ళ దూరంలో సాఫ్ట్‌వేరు నగరం లేచింది. పంట పండించిన నేల కొన్నిచోట్ల ఫామ్‌హౌసుగా మారింది. రైతు బిడ్డకు “ఊళ్ళో ఉండడం” అన్న మాటకు ఉన్న అర్థమే ఈ కాలంలో మారిపోయింది.

ఈ ప్రాంతంనుంచి చదువుకోసం, వృత్తికోసం నగరానికి కదలడం అంతకు ముందునుంచీ ఉన్నదే. జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి మొయినాబాదు మండలంలోని పెదమంగళారంలో పుట్టి, న్యాయవాదిగా హైదరాబాదులో స్థిరపడినవారే. పెదమంగళారంనుంచి హైదరాబాదు, హైదరాబాదునుంచి అమెరికా అన్నవి ఒకే దారిలోని రెండు మజిలీలు. పరిశోధకులు సాధారణంగా రెండవ మజిలీనే వలసగా లెక్కిస్తారు. మొదటిదాన్ని “అభివృద్ధి” అనే మరొక గదిలో ఉంచుతారు. కుటుంబ కథలలో ఈ విభజన నిలవదు. ఊరు విడిచిన బాధ ఎంత దూరం వెళ్ళారన్నదాన్ని బట్టి ఉండదు.

చిలుకూరు: రాలేని భక్తుడు, వెళ్ళదలచిన భక్తుడు

మొయినాబాదు మండలంలోని చిలుకూరు బాలాజీ గుడికి “వీసా బాలాజీ” అన్న వ్యవహారం స్థిరపడింది. కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది తీరిన తరువాత 108 ప్రదక్షిణలు చేయడం ఇక్కడి ఆచారం. హుండీ లేకపోవడం ఈ గుడి ప్రత్యేకత. విదేశీ చదువులకు, కొలువులకు వెళ్ళదలచిన యువతీయువకులు పాస్‌పోర్టు చేతబట్టుకొని ఇక్కడ ప్రదక్షిణలు చేయడం పత్రికలకు పరిచితమైన దృశ్యమే. సమాజశాస్త్రజ్ఞులు దీన్ని ప్రపంచీకరణకు, భక్తికి కుదిరిన పొత్తుగా వివరిస్తారు. ఆ వివరణ సరైనదే కాని, స్థలపురాణాన్ని పక్కన పెట్టడంవల్ల అసంపూర్ణంగా మిగిలింది.

స్థలపురాణం ఇది: ఏటా తిరుమలకు వెళ్ళే భక్తుడొకడు జబ్బుపడి ఒక ఏడు ప్రయాణం కాలేకపోయాడు. స్వామి కలలో కనిపించి, తాను సమీపంలోని అడవిలోనే ఉన్నానని చెప్పాడు. చూపిన చోట తవ్వగా గడ్డపార విగ్రహానికి తగిలి నెత్తురు వచ్చింది. పుట్టను పాలతో తడిపితే శ్రీదేవీ భూదేవీ సమేతుడైన స్వామి వెలికివచ్చాడు. తిరుమల దాకా నడవలేని భక్తునికోసం దేవుడే తరలివచ్చే కథలు తెలుగునాట అనేకం. చిన్న తిరుపతులన్నింటి వెనుకా దాదాపు ఇదే సూత్రం ఉంటుంది. గమనింపదగినది ఏమంటే, కథలో వలస వచ్చినది దేవుడు, కదలలేనివాడు భక్తుడు. వర్తమాన ఆచారంలో అది తలకిందులైంది. కదలదలచినవాడు భక్తుడు, కదలకుండా కూర్చొని అనుమతి ఇవ్వవలసినవాడు దేవుడు. ఈ తలకిందులు కావడానికి మూలం 1980ల తరువాత గండిపేట, మొయినాబాదు దారిలో పెరిగిన ఇంజనీరింగు కళాశాలలలో ఉన్నదనడం అసమంజసం కాదు. 1979లో గండిపేటలో స్థాపితమైన చైతన్య భారతి కళాశాల వాటిలో తొలితరానిది. చదువు, గుడి, వీసా ఒకే బస్సు మార్గంలోకి వచ్చాయి.

108 ప్రదక్షిణలు చేసేవారు లెక్క తప్పకుండా అంకెలు అచ్చువేసిన కాగితంపై ఒక్కొక్క గడిని కొట్టివేస్తూ నడుస్తారు. మొక్కు తీరగానే ఆ కాగితానికి పని ఉండదు. ఒక కుటుంబం ఖండాంతరం కదిలిన సందర్భానికి అది అచ్చమైన దస్తావేజు. ఎన్నడూ ఏ భాండాగారానికీ చేరని దస్తావేజు కూడా అదే. ఈ విషయం మారిషస్ ప్రస్తావనలో మళ్ళీ అవసరమవుతుంది.

వీసా అన్న మాటకు రెండర్థాలు

చిలుకూరులో వినిపించే వీసా అన్న మాటా, జగిత్యాల, నిజామాబాదు పల్లెలలో వినిపించే వీసా అన్న మాటా ఒకటి కావు. మొదటిది మొక్కుకొని, పరీక్ష రాసి, ముఖాముఖిలో నెగ్గి సంపాదించేది. రెండవది అప్పుచేసి ఏజెంటు దగ్గర కొనుక్కునేది. కంపెనీ వీసా, ఆజాద్ వీసా, కాగితాలు లేకుండా మిగిలిపోతే ఖల్లివెల్లి: గల్ఫ్ వలస తెలుగు నుడికారంలోకి తెచ్చిన మాటలివి. “బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి” అన్న తెలంగాణ నానుడి మూడు వలసలను ఒక్క ప్రాసలో కట్టివేసింది. అందులో అమెరికాకు చోటు లేదు. ఈ లోపం ప్రాసవల్ల వచ్చినది కాదు. ఆ నానుడి పుట్టిన ఇళ్ళకు అమెరికా అందుబాటులో లేకపోవడంవల్ల వచ్చినది.

పెద్దింటి అశోక్ కుమార్ ‘ఎడారి మంటలు’ నవల గల్ఫ్ వలసను లోపలినుంచి చిత్రించింది. గోరటి వెంకన్న వంటి వాగ్గేయకారులు పల్లె ఖాళీ అవుతున్న తీరును పాటకట్టారు. ఇవి వలసవెళ్ళినవారి పక్షాన, ఊరిలో మిగిలినవారి పక్షాన వెలువడిన రచనలు. గల్ఫ్ దేశాలలో శాశ్వత నివాసానికి వీలులేదు కనుక అక్కడ పుట్టిపెరిగి, తాతలను గురించి రాసే మూడవ తరం ఏర్పడదు. వలసను గురించిన కళ ఎవరు సృష్టించగలరన్నదాన్ని సైతం వీసా స్వభావమే నిర్ణయిస్తున్నదన్నమాట.

అమెరికా వలసకు సంబంధించి హైదరాబాదు యువకులు తీసిన రెండు చిత్రాలు ప్రస్తావింపదగినవి. నగేష్ కుకునూర్ ‘హైదరాబాద్ బ్లూస్’ (1998) అమెరికాలో పన్నెండేళ్ళు గడిపి తిరిగివచ్చిన యువకుని కథ. శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ (2000) వెళ్ళాలా వద్దా అని తర్జనభర్జన పడే మిత్రబృందం కథ. తొలి చిత్రానికే జాతీయ పురస్కారం అందుకున్న కమ్ముల, అంతకుముందే చిత్రాలు తీసిన దర్శకులకంటె ఈ ఊగిసలాటను సూటిగా పట్టుకున్నారు. ఇద్దరు దర్శకులూ స్వయంగా అమెరికాలో చదివి వచ్చినవారు. రెండూ తక్కువ ఖర్చుతో తీసినవే. వాటిలో తల్లిదండ్రులు పెళ్ళి గురించీ ఉద్యోగం గురించీ మాట్లాడతారు. తమ తల్లిదండ్రులు ఏ ఊరినుంచి హైదరాబాదుకు వచ్చారో పెద్దగా మాట్లాడరు. మొదటి మజిలీ మరుగున పడిందని చెప్పుకున్నది ఇక్కడా వర్తిస్తుంది.

డయాస్పోరా సాహిత్యం: ఒక నిర్వచనం, దాని ఇరుకు

1965 నాటి అమెరికా వలస చట్టం తరువాత వెళ్ళిన తెలుగువారు 1977లో తానాను నెలకొల్పుకున్నారు. 1994లో ఏర్పడిన వంగూరి ఫౌండేషన్ వెలువరించిన కథా సంకలనాలు, 1998లో మొదలైన ‘ఈమాట’ అంతర్జాల పత్రిక అమెరికా తెలుగు కథకు వేదికలయ్యాయి. విశ్వవిద్యాలయాలలో డయాస్పోరా సాహిత్యంపై వచ్చిన పరిశోధనలు ఎక్కువగా ఈ రచనల చుట్టూనే తిరిగాయి. వాటిలో రచయిత సాధారణంగా వలసవెళ్ళిన వ్యక్తి, భాష తెలుగు, పిల్లలు పాత్రలు మాత్రమే. తెలుగు రాని కొడుకు, డేటింగుకు వెళ్ళే కూతురు కథకుని ఆందోళనకు ఆలంబనలు. ఆ కొడుకూ కూతురూ పెద్దవారై తమ అమ్మానాన్నలనే పాత్రలుగా చేసి రాసినప్పుడు అది ఇంగ్లీషులో ఉంటుంది. వెంటనే అది తెలుగు శాఖల పరిధి దాటిపోతుంది. ఒకే ఇంటిలోని సంభాషణలో సగాన్ని మాత్రమే భద్రపరిచే పద్ధతి ఇది.

పిల్లలకు పెద్దలు అందించిన కళ వేరు, పిల్లలు వెదుక్కున్న కళ వేరు. కూచిపూడి మొదటి దానికి ఉదాహరణ. 2010 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలిలో సిలికానాంధ్ర ఆధ్వర్యంలో వేలమంది నర్తకులు ఒకేసారి ఆడిన సందర్భాన, విదేశాలనుంచి వచ్చిన పిల్లల భాగస్వామ్యం తల్లిదండ్రులకు గర్వకారణమైంది. అది సహజం. అయితే భామాకలాపం నేర్చిన బాలిక సత్యభామ విరహాన్ని అభినయించగలదు. తన తల్లి మొదటి చలికాలాన్ని అభినయించమని ఆమెను ఎవరూ అడగరు. వారసత్వ ప్రదర్శన కుటుంబ చరిత్రను చెబుతున్నట్లే కనిపిస్తూ దాన్ని కప్పివేయగలదు. కళను తక్కువచేసే మాట కాదిది. ఏ ప్రశ్నకు జవాబుగా దానిని నేర్పుతున్నామన్న దానిపై పరిశీలన మాత్రమే.

రెండవదానికి హరి కొండబోలు ఒక ఉదాహరణ. 1982లో న్యూయార్కులో తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన ఈ హాస్యనటుడు 2017లో ‘ద ప్రాబ్లం విత్ అపూ’ అనే డాక్యుమెంటరీ చేశాడు. ఒక ప్రసిద్ధ కార్టూన్ ధారావాహికలో భారతీయ దుకాణదారు పాత్రకు అమెరికన్ నటుడు పెట్టిన యాస, భారతీయ సంతతి పిల్లల బాల్యాన్ని ఎట్లా వేధించిందో అందులో చర్చించాడు. యాస అన్నది తల్లిదండ్రులనుంచి పిల్లలకు సంక్రమించే ఆస్తులలో ఒకటి. దాన్ని వెక్కిరించడం ఇంటిని వెక్కిరించడమే. తెలంగాణ యాసను వెండితెర హాస్యానికి పరిమితం చేసిన కాలాన్ని ఎరిగిన పాఠకులకు ఈ ఫిర్యాదు కొత్తది కాదు.

నిర్సిమ్లూ: మారిషస్‌లో ఒక తెలుగు పేరు

ఇంటిపేరు వలసకు సాక్ష్యమన్న సూత్రం తోటల కూలీల విషయంలో ఘోరంగా విఫలమవుతుంది. 1834నుంచి మారిషస్‌కు ఒప్పందపు కూలీలుగా భారతీయులను తరలించారు. తీరాంధ్రనుంచి వెళ్ళినవారు వారిలో ఒక భాగం. (బర్మాలో తెలుగువారిని కోరంగీలనడానికి మూలమైన కోరంగి రేవు గోదావరి ముఖద్వారంలోనిదే.) ఓడ దిగగానే గుమాస్తా రాసుకున్నది కూలీ పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒక సంఖ్య. తరువాతి తరాలకు కూలీ సొంతపేరే ఇంటిపేరైంది. అప్పడు, రామస్వామి, నాయుడు వంటివి ఫ్రెంచి, ఇంగ్లీషు అక్షరక్రమాలలో ఒదిగి వంశనామాలయ్యాయి. అసలు ఇంటిపేరుతోపాటు ఊరి జాడ కూడా పోయింది. మిగిలినది సంఖ్య. 1860ల తరువాతి కూలీల ఛాయాచిత్రాలతో సహా ఈ వలస దస్తావేజులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మునిమనుమలు ఆ సంఖ్యను పట్టుకొని ముత్తాతను వెదుకుతారు. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. కూలీని లొంగదీయడానికి పుట్టిన సంఖ్య, మునిమనుమలకు ఆధారమైంది. స్వేచ్ఛగా వెళ్ళిన ఇంజనీరు గళ్ళకాగితం గుడి ఆవరణలోనే మిగిలిపోయింది. దస్తావేజుల చరిత్రలో ఇటువంటి వైపరీత్యాలు ఉంటాయి.

1957లో మారిషస్‌లోని త్రువా బుతీక్ గ్రామంలో తెలుగు మూలాలున్న కుటుంబంలో పుట్టిన ఆనందదేవి నిర్సిమ్లూ పదిహేనేళ్ళ వయసులో ఫ్రెంచి రేడియో కథల పోటీలో బహుమతి పొందింది. ఇరవై ఏళ్ళు నిండే నాటికి తొలి కథాసంపుటి వెలువడింది. నిర్సిమ్లూ అన్న పేరును పైకి చదివితే తెలుగు చెవికి నరసింహులు వినిపిస్తుంది. లండన్‌లో సామాజిక మానవశాస్త్రంలో డాక్టరేటు చేసిన ఆమె, మారిషస్ తెలుగువారి అస్తిత్వంపై రచించిన ‘ద ప్రైమోర్డియల్ లింక్’ గ్రంథాన్ని మహాత్మాగాంధీ సంస్థ 1990లో ప్రచురించింది. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన, ఉగాది వంటి ఆచారాలు ద్వీపంలో తెలుగు గుర్తింపును నిలబెట్టిన తీరు తెలుసుకోదలచినవారు చదవవలసిన పుస్తకమిది.

పరిశోధకురాలిగా ఆమె సంఘాన్ని దూరంనుంచి చూడగలిగింది. నవలాకారిణిగా అదే సంఘంతో తలపడింది. 1993 నాటి ‘ద్రౌపది ముసుగు’ (‘ల్ వ్వాల్ ద ద్రౌపదీ’) నవలలో అంజలి అనే యువతి, జబ్బుపడిన కొడుకును దక్కించుకోవడానికి నిప్పుల గుండం తొక్కాలని భర్త, కుటుంబం ఒత్తిడి చేస్తారు. ద్రౌపది గుండం తొక్కే ఆచారం చిత్తూరు ప్రాంతపు పాఠకులకు సుపరిచితం. కూలీలతో కడలి దాటిన ఆచారం వారి సంతతి స్త్రీకి ఊరటనిస్తుందా, ఉరి అవుతుందా అన్నది నవల సంధించే ప్రశ్న. సంఘాలు, సభలు సంస్కృతిని “కాపాడుకోవడం” గురించి చెప్పే మాటలలో ఈ ప్రశ్నకు తావు దొరకదు. కాపాడుకొన్న సంస్కృతికి మూల్యం ఇంట్లో ఎవరు చెల్లించారని అడగడానికి నవల అవసరమైంది.

2024 సంవత్సరానికి అంతర్జాతీయ ఖ్యాతిగల న్యూస్టాట్ పురస్కారం ఆనందదేవిని వరించింది. 1990లో మారిషస్‌లోనే ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. అయినా తెలుగు శాఖల పాఠ్యప్రణాళికలలో ఆమె పేరు అరుదు. ఫ్రెంచిలో రాస్తుంది కనుక ఆమె ఫ్రెంచి రచయిత్రి అన్న సమాధానం పైకి సబబుగానే ఉంటుంది. కాని తెలుగు కూలీల సంతతి తెలుగును ఎందుకు పోగొట్టుకున్నదన్నది తెలుగు భాషాచరిత్రలో భాగమే. ఆ చరిత్రను చెప్పే రచన మరొక భాషలో ఉండక తప్పదు. భాష పోయిందనడానికి సాక్ష్యం ఆ భాషలోనే ఉండాలని పట్టుబట్టడం న్యాయం కాదు.

దూరం ఇచ్చిన ప్రశ్న

సుజాత గిడ్ల ‘యాంట్స్ అమంగ్ ఎలిఫెంట్స్’ (2017) కుటుంబ చరిత్రను మరొక మార్గంలో తవ్వింది. కాకినాడలో పెరిగి, వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివి, యౌవనంలోనే అమెరికా వెళ్ళి, న్యూయార్కు భూగర్భ రైలులో కండక్టరుగా పనిచేసిన ఆమె, మేనమామ శివసాగర్ (కె.జి. సత్యమూర్తి), తల్లి మంజులల జ్ఞాపకాలను అడిగి రాసుకొని ఈ గ్రంథాన్ని నిర్మించింది. ఆమె వెళ్ళిన వలస పుస్తకంలో కొద్దిగానే ఉంటుంది. ఆమె పూర్వికులు ఖమ్మం అడవులనుంచి తరిమివేయబడి ఒక చెరువు పక్కన స్థిరపడడం, క్రమంగా భూమి పోగొట్టుకొని అంటరానివారి జాబితాలోకి జారిపోవడం ఎక్కువగా ఉంటుంది. కులం తెలియని సమాజానికి వెళ్ళిన తరువాతనే, తన కుటుంబానికి కులం ఎట్లా వచ్చిందని అడగగలిగే దూరం ఆమెకు లభించింది. వలసను సాధారణంగా నష్టాల పద్దులో రాస్తారు. ఇక్కడ అది ఒక ప్రశ్నకు వెల అయింది. ఇంటిపేరు ఊరిని చెబుతుందన్న తొలి ప్రతిపాదనను సైతం ఈ పుస్తకం సవరిస్తున్నది. ఊరే నిలవనివ్వని కుటుంబాలకు ఇంటిపేరు చూపగల ఊరు ఏది?

మళ్ళీ మొయినాబాదు దారిలో

హైదరాబాదునుంచి మొయినాబాదు, చేవెళ్ళ మీదుగా బీజాపూరు వైపు సాగే 163వ జాతీయ రహదారికి ఇరువైపులా నిజాం కాలం నాటివని చెప్పే దాదాపు 900 మర్రిచెట్లు ఉన్నాయి. అప్పా కూడలినుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారి విస్తరణలో వాటిని నరకాలా, పెకలించి మరొకచోట నాటాలా అన్న వివాదం హరిత ట్రిబ్యునలు దాకా వెళ్ళింది. చెట్టుకు స్థానభ్రంశం కలిగితే ఊడలు ఎన్ని బతుకుతాయన్న చర్చలో పర్యావరణవేత్తలు, చిత్రకారులు, విద్యార్థులు పాల్గొన్నారు. ఆ చెట్ల నీడన బస్సులకోసం నిలబడే మనుషుల స్థానభ్రంశంపై అంతటి చర్చ జరగలేదు.

పాలమూరు పల్లెలనుంచి, ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్‌లనుంచి వచ్చిన కూలీలు నగర శివార్లలో నిర్మాణాలలో, ఇటుకబట్టీలలో, తోటలలో పనిచేస్తున్నారు. ఒక కాలంలో “పాలమూరు లేబరు” దేశమంతటా ఆనకట్టలకు మట్టి మోసింది. ఇప్పుడు వారి పక్కన మరొక రాష్ట్రపు కూలీ నిలిచాడు. వీరి పిల్లలు స్థానిక పాఠశాలల్లో తెలుగులో అక్షరాలు దిద్దుతారు. ఇంట్లో ఒడియా, భోజ్‌పురి, పాలమూరు తెలుగు మాట్లాడతారు. అమెరికా వెళ్ళిన తెలుగు పిల్లవాని స్థితికి ఇది అద్దంలో ప్రతిబింబం. ఆ పిల్లవాని గురించి సంకలనాలు వెలువడ్డాయి, సభలు జరిగాయి. ఈ పిల్లవాని కథను తెలుగు డయాస్పోరా విమర్శ తన పరిధిలోకి ఇంకా తీసుకోలేదు. కొత్తవారు ఎదురైతే తెలుగువారు మొట్టమొదట అడిగేది “మీదే ఊరు?” అని. తరగతి గదిలో ఈ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి, అమ్మమ్మ ఊరినుంచి ఇక్కడిదాకా ఉన్న దారిని బొమ్మగా గీయించి, దారిలో ఆగిన చోట్ల పేర్లు రాయిస్తే చాలు: మోకా దస్తావేజులలో గుమాస్తా రాయని భాగం ఇక్కడ పిల్లల చేతి రాతలో దొరుకుతుంది. పెద్దయ్యాక ఆ పిల్లలలో ఒకరు ఏ భాషలో నవల రాస్తారో ఇప్పుడు చెప్పలేం. ఆ పుస్తకాన్ని అప్పటి తెలుగు శాఖ గ్రంథాలయం ఏ అరలో పెడుతుందో కూడా.